ఫోటోలున్నాయి, చీటీలు లేవు

గత డిసెంబరులో అమెరికాలోని మన తెలుగు సంఘం సేవా కార్యక్రమాల్లో భాగంగా, తిరుపతి దగ్గరి పాకాల వైపు ఒక పల్లెలో, ఉన్నత పాఠశాల ఆవరణలో జరిగిన ఉచిత కంటి వైద్య శిబిరానికి నేను మా మేనత్తను వెంటబెట్టుకొని వెళ్లాను. ఆ ఫోటోలు ఈపాటికి మీ అందరి వాట్సాప్ గ్రూపులకూ చేరే ఉంటాయి. శాలువాలు కప్పుకొని నిలుచున్న మన కార్యవర్గ సభ్యుల ముందు, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న ముసలివాళ్లందరూ ఒకే తీరుగా తలలు వంచుకొని, కొంగులూ తువ్వాళ్లూ మొహానికి అడ్డం పెట్టుకొని కనిపిస్తారు. ఆ ఫోటో కింద ఒక మిత్రుడు “ఎంత కృతజ్ఞత!” అని రాశారు. ఆ తలలు ఎందుకు వంగాయో చెప్పవలసిన బాధ్యత నా మీద ఉందనిపించి ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

అంతకు అరగంట ముందే, కంటి లోపలి భాగం చూడడానికి వీలుగా, కనుపాప పెద్దదయ్యే చుక్కల మందు వారందరి కళ్లలో వేశారు. ఆ మందు పడిన కనుపాప వెలుతురు ఎక్కువైనా ముడుచుకోలేదు. కొన్ని గంటలపాటు మామూలు ఎండ కూడా సూదుల్లా గుచ్చుతుంది. అలాంటి కళ్లకు ఎదురుగా వీడియో వాళ్లు రెండు పెద్ద లైట్లు నిలబెట్టారు. “ఆ లైట్లు ఆర్పమను అమ్మీ, కండ్లలో కారం కొట్టినట్టుండాది” అని అత్త నా చెయ్యి పట్టుకుంది. నేను వెళ్లి అడిగితే, ఏర్పాట్లు చూస్తున్న అబ్బాయి “అమెరికా నుంచి వచ్చినోళ్ల మొగాలు పడాల కదక్కా, రెండు నిమిషాలు” అన్నాడు. సన్మానాలన్నీ ముగిసేసరికి ఆ రెండు నిమిషాలూ ముప్పావు గంట అయ్యాయి.

నేను మన సంఘానికి పరాయిదాన్ని కాను. ఇరవై నాలుగేళ్లు ఒహాయోలో ఉన్నాను. ఉగాది పచ్చడికి వేపపువ్వు దొరకక ఫోన్లు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. రెండేళ్ల క్రితం అక్కడి కాపురం చుట్టబెట్టుకొని వచ్చి తిరుపతి బైరాగిపట్టెడలో ఇల్లు తీసుకున్నాం. పాలు, పనిమనిషి, గ్యాసు, మంచి బియ్యం అంగడి, ఇవన్నీ పదిహేను రోజుల్లో కుదిరాయి. కంటి డాక్టరు కుదరడానికి మాత్రం ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలల సంగతి కొంచెం వివరంగానే చెప్పుకోవాలి, ఎందుకంటే శిబిరం గురించి నేను అనబోయే మాట అందులోంచి పుట్టిందే.

నాకు ఎనిమిదేళ్లుగా నీటికాసుల అనుమానం ఉంది. గ్లకోమా అని డాక్టర్లు రాసేది దీన్నే, కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు. కంటి లోపలి ఒత్తిడి సాధారణంగా పది నుంచి ఇరవై ఒకటి మధ్య ఉండాలంటారు. నాది ఇరవై నాలుగు దాకా పోయింది. అందుకని రోజూ రాత్రి రెండు కళ్లలో ఒక్కొక్క చుక్క మందు, ఆరు నెలలకొకసారి పరీక్ష. ఒహాయోలో ఇదంతా పళ్లు తోముకున్నంత మామూలుగా జరిగిపోయేది, కాబట్టి దాని వెనుక ఎవరో ఒకరు నా కళ్లను గుర్తుంచుకుంటున్నారన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

తిరుపతికి వచ్చాక మొదట చేసిన తప్పు, అద్దాల అంగడిని కంటి ఆసుపత్రిగా అనుకోవడం. పేరు అక్కరలేదు, అలాంటివి ప్రతి వీధిలోనూ ఉన్నాయి. “కంప్యూటర్ కంటి పరీక్ష ఉచితం” అని బోర్డు. గడ్డం ఆనించి చూస్తే, పొడుగాటి రోడ్డు చివర ఒక రంగుల బెలూను మసకబారుతూ తేటపడుతూ కనిపిస్తుంది. మీలో చాలామంది ఆ బెలూనును చూసే ఉంటారు. అది లెన్సు పవరును సుమారుగా లెక్కగట్టే యంత్రం. ఒత్తిడి ఎంతో, కంటి నరం ఎలా ఉందో దానికి తెలియదు. నిమిషంలో చీటీ చేతికి వచ్చింది, నాలుగు రోజుల్లో ప్రోగ్రెసివ్ అద్దాలు వచ్చాయి, ఆ వెంటనే తలనొప్పి కూడా వచ్చింది. దూరానికీ దగ్గరకూ ఒకే అద్దంలో చూపు పంచే ఆ లెన్సులకు, మన కనుపాప ఫ్రేములో ఏ ఎత్తున కుదురుతుందో స్కేలు పెట్టి కొలవాలి. ఆ అబ్బాయి కొలవలేదు. కొలవాలని నేను అడగనూ లేదు, చత్వారం వచ్చి పదేళ్లు దాటినదాన్ని.

ఆ తర్వాత ఊరిని అడిగాను. మన ఊళ్లలో ఈ అడగడం అనే పద్ధతి మీద నాకు ఎటువంటి మమకారమూ లేదని ముందే చెబుతున్నాను. వైద్యం విషయంలో ఇరుగుపొరుగుల మాట మీద నడవడం ప్రమాదమే. అయినా ఎదురింటి రెడ్డెమ్మక్క తెల్లవారుజామునే మా గేటుకు తగిలించిపోయిన సంచిలో, తడిగుడ్డలో చుట్టిన నందివర్ధనం పూలూ ఒక కట్ట పొన్నగంటి ఆకూ చూసినప్పుడు, ఇన్నేళ్లలో నా కళ్ల గురించి ఎవరైనా ఇంత పొద్దున్నే లేచారా అనిపించింది. ఆ పూలు కళ్ల మీద పెట్టుకొని పడుకుంటే చల్లగా ఉంటుంది. ఒత్తిడి తగ్గదు. పొన్నగంటి కూర పప్పులో వేసుకుంటే బాగుంటుంది, అంతే. మందుల అంగడాయన చేసిన మేలు వేరు: నా చుక్కల మందు, లాటానోప్రోస్ట్, సీసా మూత తీయనంతవరకు చల్లగా ఉండాలని ఆయనకు తెలుసు. ఫ్రిజ్‌లోంచి తీసి, “ఈ ఎండలో చేతిలో పట్టుకొని నడిచిపోవద్దమ్మా” అని ఐసుముక్కలున్న పాల కవరులో చుట్టి ఇచ్చాడు.

రెండో ప్రయత్నం ఒక పెద్ద క్లినిక్. టోకెను డెబ్బై నాలుగు. ఒహాయోలో ఇచ్చిన సీడీ అక్కడి కంప్యూటరులో తెరుచుకోలేదు. నా చూపు “ట్వెంటీ ట్వెంటీ” అని చెబితే కుర్రవాడు తెల్లమొహం వేశాడు. ఇరవై అడుగులను ఇక్కడ ఆరు మీటర్లుగా కొలిచి సిక్స్ బై సిక్స్ అంటారని, రెండూ ఒకటేనని నాకు అప్పటిదాకా తెలియదు. డాక్టరుగారు నా కాగితాలు రెండు తిప్పి “ఇవన్నీ మళ్లీ తీయాలమ్మా” అన్నారు. డబ్బుకోసమే అంటున్నారనుకొని కోపంగా లేచి వచ్చేశాను. నా కోపం తప్పని తర్వాత తెలిసింది. కంటి నరం పొర మందాన్ని కొలిచే స్కానులు ఒక్కో కంపెనీ యంత్రంలో ఒక్కోలా లెక్క చూపిస్తాయి, ఒకదాని అంకెను ఇంకొకదాని అంకెతో నేరుగా పోల్చలేము, కాబట్టి కొత్తచోట కొత్త లెక్క మొదలుపెట్టక తప్పదు. ఆ మాట ఆయన ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే నాకు మూడు నెలలు మిగిలేవి.

మూడోసారి వెళ్లిన చోట నడివయసు డాక్టరమ్మ యంత్రం జోలికి పోకముందే “మీ నాయనగారికి చివరి రోజుల్లో చూపు ఎట్లుండేది?” అని అడిగింది. బాగానే ఉండేదన్నాను. నిజంగానే బాగుండేది, పోయే ముందు నెల వరకూ అద్దాలు పెట్టుకొని పేపరు చివరి పేజీ దాకా చదివాడు. “నడిచేటప్పుడో?” అని అడిగింది. అప్పుడు గుర్తొచ్చింది. చిత్తూరులో మా ఇంటి నడవలో గోడవారగా పెట్టిన నీళ్ల చెంబును మా నాయన రోజూ తన్నేవాడు. తలుపు రెక్క అంచు భుజానికి కొట్టుకునేది. “అంత చెంబు కనపళ్లేదా నీకు, ధ్యాస యాడ పెట్టినావు?” అని అమ్మ అరిచేది, ఆయన నవ్వేవాడు, నీళ్లు తుడిచే పని నాది. నీటికాసులు ముందుగా పక్కచూపును తినేస్తాయట. నడిమి చూపు చివరిదాకా మిగిలి ఉంటుంది కాబట్టి పేపరు చదవగలడు, చెంబును చూడలేడు. పోయిన చూపు మందుతో గానీ కత్తితో గానీ తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడమే. ఆ క్లినిక్ చీకటి గదిలో, పక్కచూపు పరీక్షకు, ఒక కన్ను మూసుకొని, తెల్లటి గిన్నెలాంటి దానిలో మిణుకుమనే చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కుతూ, నేను లెక్కపెట్టినవి చుక్కలు కావు.

పెద్దాసుపత్రి ఉన్న వేలూరు చిత్తూరు నుంచి గంట ప్రయాణం. చెన్నైలో శంకర నేత్రాలయ 1978 నుంచే ఉంది. ఇప్పుడైతే అలిపిరి దగ్గర 2019 నుంచి అరవింద్ కంటి ఆసుపత్రి కూడా ఉంది. మా నాయనకు తక్కువైంది ఆసుపత్రి కాదు. చెంబుకూ కంటికీ సంబంధం ఉందని అడిగే మనిషి.

డాక్టరమ్మ నా చేతికి ఒక ఫైలు ఇచ్చి, “ఇది మీ దగ్గరే ఉంచుకోండి, ఎక్కడికి పోయినా తీసుకపోండి, మీ ఇంట్లో మీ నాయన తోడబుట్టినవాళ్లు ఉంటే తీసుకురండి” అని చెప్పింది. తోడబుట్టినవాళ్లకూ పిల్లలకూ ఈ జబ్బు వచ్చే అవకాశం ఎక్కువ. మిగిలింది మేనత్త ఒక్కతే, డెబ్బై ఆరేళ్లు, ఊరు వదిలి రాదు. సరిగ్గా అప్పుడే మన శిబిరం వాళ్ల ఊరి బడిలోనే అని తెలిసి సంతోషించాను.

శిబిరంలో అత్తకు దొరికినవి ఒక చీటీ, ఒక జత రెడీమేడ్ అద్దాలు, పెరుగన్నం పొట్లం. చీటీ మీద “శుక్లం లేదు” అని రాసి ఉంది. ఆ మాట నిజం. కానీ ఒత్తిడి ఎవరూ కొలవలేదు, మీ అన్నకు చూపు ఎట్లుండేదని ఎవరూ అడగలేదు. వేదిక మీద మాట్లాడిన పెద్దమనిషి మన దాతలను శ్రీకాళహస్తి కన్నప్పతో పోల్చాడు. నాకు కన్నప్ప కథలో వేరే ఘట్టం గుర్తుకొచ్చింది: తన రెండో కన్నూ పెరికి ఇవ్వబోయేముందు, చూపు పోయాక చోటు తప్పిపోతానేమోనని, స్వామి కంటి దగ్గర కాలు పెట్టి గుర్తు పెట్టుకున్నాడు. మనం గుర్తు పెట్టుకోలేదు.

జనవరిలో అత్తను డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. ఎడమ కంటి నరం చాలావరకు పోయింది. ఆమెకు తెలియనే తెలియదు. ఒక కంటి లోటును రెండో కన్ను పూడుస్తూ వచ్చింది. ఆ రోజు శిబిరంలో ఇంకా ఎవరెవరిని మళ్లీ చూపించుకోమన్నారో కనుక్కుందామని ఫోన్లు చేశాను. రిజిస్టరు కారులో తిరుపతికి వెళ్లిందన్నారు. కారు వారిని అడిగితే బడిలోనే ఉందన్నారు. బడిలో లేదు. ఫోటోలు మాత్రం రెండు వందల పైచిలుకు ఉన్నాయి, మంచి నాణ్యతతో.

శిబిరాలు వద్దని నేను అనడం లేదు. శుక్లం ముదిరిన కంటికి ఆపరేషను చేస్తే చూపు తిరిగి వస్తుంది, దానికి ఆ పల్లెకు ఎవరో ఒకరు పోయి చూడాలి. కంటి డాక్టరు వెంకటస్వామిగారు 1976లో మదురైలో పదకొండు పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కూడా శిబిరాల మీదే పెరిగింది. అయితే అక్కడ శిబిరంలో గుర్తించినవారిని బస్సులో ఆసుపత్రికి తీసుకెళ్లడం, ఆపరేషను చేసి ఊరికి దింపడం, మళ్లీ వచ్చి చూడడం అంతా ఒకే పనిగా నడుస్తుంది. మనం ఆ పనిలో మొదటి మెట్టు తీసుకొని దానికి పూలదండ వేశాం. ఇందులో నా పాలూ ఉంది. ఒహాయోలో సేవా కమిటీలో ఉన్న మూడేళ్లూ చెక్కు పంపినవెంటనే నేను అడిగింది ఫోటోలే. ఎంతమంది రెండోసారి వచ్చారని ఒక్కసారైనా అడిగిన గుర్తు లేదు.

అందుకని కొత్త కార్యవర్గానికి నా విన్నపం. వచ్చే డిసెంబరుకు నాలుగు ఊళ్లలో నాలుగు శిబిరాలు పెట్టే బదులు, ఒక్క విజన్ సెంటరుకు ఐదేళ్లు అండగా నిలబడండి. ఎల్.వి.ప్రసాద్ కంటి సంస్థ పద్ధతిలో అలాంటి కేంద్రం ఒకటి సుమారు యాభై వేల జనాభాను చూసుకుంటుంది. శిక్షణ పొందిన స్థానిక యువతీ యువకులే రోజూ అక్కడ ఉంటారు, అనుమానం ఉన్నవారిని పై ఆసుపత్రికి పంపుతారు. మన డబ్బు ఒత్తిడి కొలిచే పరికరానికి, బీదవారి చుక్కల మందుకు, పరీక్షకు పోయే రోజు బస్సు ఛార్జీకి, ఒక రిజిస్టరుకు పోనివ్వండి. శాలువాలు కావాలంటే ఇవ్వండి, చుక్కలు వేయకముందు.

మీ అమ్మానాన్నలను పల్లె నుంచి తిరుపతి ఫ్లాటుకు మార్చినవారికి ఇంకొక మాట. లిఫ్టు, జనరేటరు, సీసీ కెమెరా చూసుకున్నారు. చిత్తూరులోనో పుత్తూరులోనో వాళ్ల కళ్లు ఎరిగిన డాక్టరును వాళ్లు వదిలేసి వచ్చారు. ఆదివారం ఫోనులో “కళ్లు ఎట్లున్నాయి?” అని అడిగితే “బాగుండాయి నాయనా” అనే అంటారు, మా అత్త కూడా అలాగే అంది. కంటి మందు సీసాను కెమెరాకు చూపించమనండి, మూత ఎప్పుడు తీశారో అడగండి, ఫైలు ఎక్కడుందో అడగండి.

అత్తకు మళ్లీ పరీక్ష ఏప్రిల్ రెండో వారంలో. ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి ఆ రోజు శిబిరానికి వచ్చినవాళ్లను ఆమే అడిగింది. ఐదుగురు తేలారు, ఇద్దరి దగ్గర చీటీలు కూడా ఉన్నాయి. శిబిరం ఫ్లెక్సీ ఇప్పుడు ఆమె గడ్డివామి మీద కప్పి ఉంది. ఆరుగురికీ పొద్దున ఏడు గంటల బస్సు, రానూ పోనూ, మధ్యాహ్నం భోజనం. ఈసారికి నేను చూసుకుంటాను. అక్టోబరుకు ఎవరైనా ముందుకు వస్తే సంపాదకులకు తెలియజేయండి, అత్త నంబరు పంపిస్తాను. మాట్లాడేది బిగ్గరగా మాట్లాడండి, చెవులు కూడా అంతంత మాత్రమే.