స్క్రూ అమరికే అసలు యంత్రం

ప్లాస్టిక్ కాంపౌండింగ్‌కు, అంటే ప్లాస్టిక్‌ను కరిగించి రంగుపొడి, గాజు పీచు లాంటివి కలపడానికి, ట్విన్ స్క్రూ ఎక్స్‌ట్రూడర్ (పక్కపక్కన తిరిగే రెండు స్క్రూలతో సరుకును కరిగించి, కలిపి ముందుకు నెట్టే యంత్రం) కొనేవారు ముందుగా అడిగేది గంటకు ఎన్ని కిలోలు తీస్తుందని, ఆపైన మోటారు శక్తి ఎంతని. బ్యారెల్ (స్క్రూలు తిరిగే గొట్టం) లోపల స్క్రూ ముక్కలను ఏ వరుసలో పేర్చారన్న ప్రశ్న చివరికి మిగిలిపోతుంది. సరుకు నాణ్యతను తేల్చేది మాత్రం, నా అభిప్రాయంలో, ఆ వరుసే.

సింగిల్ స్క్రూ యంత్రంలో హాపర్ (సరుకు పోసే గరాటు) సాధారణంగా నిండుగా ఉంటుంది కనుక ఉత్పత్తి స్క్రూ వేగాన్ని బట్టి ఉంటుంది. ఒకదానిలో ఒకటి ఇమిడి ఒకే దిశలో తిరిగే జంట స్క్రూలలో ఫీడర్ తూచి వేసినంతే లోపలికి వెళ్తుంది, స్క్రూ చాలా మేర పూర్తిగా నిండకుండానే నడుస్తుంది, అందుచేత ఎంత సరుకు వేయాలి, ఎంత వేగంగా తిప్పాలి అన్నవి రెండు వేర్వేరు నిర్ణయాలవుతాయి. (పీవీసీ పైపులకు వాడే, ఎదురు దిశల్లో నెమ్మదిగా తిరిగే జంట స్క్రూల సంగతి వేరు.) బేయర్‌లో రుడాల్ఫ్ ఎర్డ్‌మెంగర్ బృందం అభివృద్ధి చేసిన, ఒకే దిశలో తిరిగే జంట స్క్రూల పద్ధతిని వెర్నర్ అండ్ ఫ్లైడరర్ సంస్థ 1950లలో లైసెన్సు తీసుకుని పరిశ్రమకు అందించింది.

షాఫ్టు మీద ఎక్కించే నీడింగ్ బ్లాకుల్లో (సరుకును పిండిలా పిసికే డిస్కుల వరుసల్లో) వెడల్పాటి డిస్కులు రంగుపొడి గడ్డలను చిదిపితే, సన్నటివి నలపడం తగ్గించి కలియబెట్టడం మీద పనిచేస్తాయి. వాటి వెనుక సరుకును వెనక్కి నెట్టే ఎడమ మర ముక్క ఒకటి పెడితే కరిగిన పదార్థం అక్కడ నిలిచి, ఆవిర్లను బయటికి లాగే వాక్యూమ్ పోర్టుకు ముందు గాలి చొరబడని అడ్డుకట్టగా మారుతుంది. గాజు పీచు విషయంలో ఈ వరుస ఎంత కీలకమో తెలిసిపోతుంది: దాన్ని ప్లాస్టిక్ గింజలతో పాటు మొదటి ద్వారంలోనే వేస్తే, ఇంకా కరగని గింజల రాపిడికి పీచు తునాతునకలై బలం పోతుంది, అందుకే పాలిమర్ కరిగాక, పక్క ఫీడర్ నుంచి వేస్తారు.

మందుల తయారీలో ఇదే యంత్రం నీటిలో సరిగా కరగని ఔషధాన్ని పాలిమర్‌లో అణువుల స్థాయిలో కలుపుతుంది. 2005లో అమెరికాలో అనుమతి పొందిన హెచ్ఐవీ మందు కలెట్రా మాత్ర ఇలా తయారైనదే. అంతకుముందున్న క్యాప్సూల్ మాదిరిగా దానికి ఫ్రిజ్ అవసరం లేకపోయింది.

ప్రయోగశాలలో కుదిరిన అమరికను పెద్ద యంత్రంలో యథాతథంగా దించితే చిక్కు వస్తుంది. స్క్రూ వ్యాసం, పొడవు రెండూ రెట్టింపైతే లోపలి ఘనపరిమాణం ఎనిమిది రెట్లు పెరుగుతుంది, వేడిని బయటికి పంపే బ్యారెల్ ఉపరితలం మాత్రం నాలుగు రెట్లే. నీడింగ్ పుట్టించిన వేడిని అక్కడ చల్లటి నీళ్లతో దించడం కష్టం కనుక, సరుకు మాడుతుంటే ముందుగా చేయాల్సింది షాఫ్టులు బయటికి లాగి ఒకటో రెండో నీడింగ్ బ్లాకులు తీసేయడమే.