'కట్టేస్తే పోద్దిలే' గారికి ఒక బహిరంగ లేఖ

అయ్యా కట్టేస్తే పోద్దిలే గారూ,

మా కోనసీమలో ఏ ఇంటికెళ్లినా మీకో పీట వేసే ఉంటుంది. హెల్మెట్ లేదా? కట్టేస్తే పోద్దిలే. బండి మీద ముగ్గురా? కట్టేస్తే పోద్దిలే. ఫోనుకి చలానా వస్తుంది, పాలబాకీ తీర్చినట్టు తీర్చేస్తాం. మీ అండ చూసుకునే మొన్న మేనల్లుడి గృహప్రవేశంలో రెండు పెగ్గులు పుచ్చుకుని, రావులపాలెం నుంచి కాలవ గట్టు మీద బండి తీశాను.

లాకుల దగ్గర ఆపి గొట్టంలో ఊదమన్నారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల మందు దాటితే నేరమట. నాది దాటి చాలా దూరం వెళ్లిపోయింది. తాపీగా ఫోను తీసి "స్కానర్ చూపించు బాబూ, కొట్టేస్తాను" అన్నాను. కానిస్టేబులు కుర్రాడు నవ్వాడు. "ఆయ్, ఇది కొట్టేది కాదండి బాబాయ్ గారూ. మీరే కోర్టుకి రావాలండి. బండి ఇక్కడే ఉంటదండి."

అప్పుడు మీరెక్కడికి పోయారండీ?

లాయరు గారు విడమర్చి చెప్పారు. డబ్బు కట్టి అక్కడికక్కడే రాజీ చేసుకోగల నేరాలన్నీ మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్లో ఉన్నాయి. హెల్మెట్ ఉంది. నా పెగ్గులు, అంటే 185వ సెక్షన్, అందులో లేవు. 2019 సవరణ తర్వాత మొదటిసారికే 10,000 జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ. మీ తమ్ముడు 'లోక్ అదాలత్‌లో తేలిపోద్దిలే' గారిని కూడా అడిగి చూశాను. రాజీకి వీల్లేని నేరాన్ని ఆయన ముట్టుకోరట. పోనీ వెళ్లడం మానేద్దామా అంటే వారంటు ఇంటికే వస్తుందట.

వాయిదా నాడు మా బావ ఆత్రేయపురం పూతరేకుల డబ్బాతో దిగాడు, మర్యాదగా ఉంటుందని. లాయరు గారు దాన్ని చూసి నా చొక్కా పట్టుకుని పక్కకి లాగారు. ఆ డబ్బా సాయంత్రం దాకా బావ చంకలోనే ఉండి పొడుం పొడుం అయిపోయింది. నాకు 10,000 పడింది. పైగా కోర్టు లేచేదాకా అక్కడే ఉండమన్నారు. పెళ్లిలో బంతి లేచేదాకా కూర్చోవడం తెలుసుగానీ, ఈ లేవడం ఇంతసేపని ఎవరికి తెలుసు!

నా పక్కన పదో తరగతి కుర్రాడి తండ్రి. కొడుక్కి ముచ్చటపడి బండి ఇచ్చాడు, దొరికిపోయాడు. పెద్దలకి 25,000 జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. కుర్రాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు లేదు. పాపం, ఆయనకి ఇవేవీ తెలీవు. నా చెవి దగ్గరకొచ్చి, "ఎంతో కొంత కట్టేస్తే పోద్దేమోనండి?" అన్నాడు.

చూద్దును కదా, మా ఇద్దరి మధ్యా మీరు! కాస్త జరిగి చోటిచ్చాను.

ఇట్లు,
ప్రస్తుతం బస్సెక్కి తిరుగుతున్న
మీ పాత ఖాతాదారు