లక్షల మొక్కలున్నంత మాత్రాన ఎర్రచందనం గట్టెక్కినట్టేనా?

"రైతుల తోటల్లో లక్షల ఎర్రచందనం మొక్కలున్నాయి, అడవిలో నాలుగు చెట్లు పోతే జాతికేం ఢోకా?" అనే మాట వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. ఈ చెట్టు సొంతూరు తూర్పు కనుమల దక్షిణ కొస: శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు. ఆ వాదనను ముక్కముక్కగా చూద్దాం.

"లక్షల మొక్కలున్నాయి." ఎన్ని తల్లుల పిల్లలు? కాయలు ఏరేవాళ్ళు దారి పక్కన, చేతికందే నాలుగైదు చెట్ల దగ్గరే సంచి నింపేస్తారు. ఐదే చెట్లు తమలో తాము పుప్పొడి పంచుకుంటే, ఒక్క తరంలోనే జన్యు వైవిధ్యంలో (చెట్టుకీ చెట్టుకీ పుట్టుకతో ఉండే తేడాల్లో) సగటున పదో వంతు పోతుంది. యాభై చెట్లయితే పోయేది నూటికి ఒక వంతు. నారు లక్షయినా కోటయినా ఈ లెక్క మారదు.

"అడవి ముక్కలైనా తేనెటీగలు కలుపుతాయి." కొంతవరకే. ఎర్రచందనం ఎండాకాలంలో కొద్దిరోజులే, చెట్టంతా పసుపుపచ్చగా విరగబూస్తుంది. ఒక్క చెట్టు మీదే అంత మేత దొరుకుతుంటే ఈగకు కొండ దాటే అవసరమేముంది? అలా సొంత పుప్పొడితోనూ కాయ కట్టవచ్చు గానీ, వేరే చెట్టు పుప్పొడి పడితేనే కాపు నిలుస్తుంది. ఒంటరి చెట్టు కింద కాయలు పలచబడేది అందుకే.

"నరికినా మోడు చిగురిస్తుంది." ఇది నిజమే, వేరు బతికున్నంత కాలం ఆ జన్యువులూ ఉంటాయి. కానీ చిగురు పూతకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఈలోగా దొంగలు చేవ ముదిరిన చెట్లనే ఎంచి కొట్టడంతో పూసే చెట్లు తగ్గి, మిగిలినవి దూరమవుతాయి.

"జన్యు పరీక్షల్లో వైవిధ్యం బాగానే తేలింది." ఏ ఆకులకు చేశారో అడగండి. ముదురు చెట్లు అడవి చిక్కగా ఉన్నప్పుడు పుట్టినవి, పాత ఆస్తినే చూపిస్తాయి. నష్టం ముందు బయటపడేది వాటి కింది మొలకల్లో. రెండు నమూనాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

"అలల చేవ (కలపలో అలల్లాంటి గీతలున్న) చెట్టుకు అంట్లు కడితే చాలు." కలపకు సరే. వెయ్యి అంట్లు కట్టినా జన్యుపరంగా ఒక్క చెట్టే.

తోటలతో జాతికి మేలు జరగాలంటే పని విత్తనం దగ్గరే మొదలవ్వాలి. ఒక్కో కొండ వరసలో కనీసం 30, వీలైతే 50 తల్లి చెట్లు, మధ్య 100 మీటర్ల ఎడం. ప్రతి చెట్టు నుంచీ సమానంగా కాయలు, చెట్టుకో సంచి, సంచికో చీటీ. అన్నీ కలిపి చల్లితే అసలు చిక్కు వస్తుంది: ఈ విత్తనం మొలక శాతం తక్కువ, చెట్టు చెట్టుకీ తేడా. ముందు మొలిచినవి ఉంచి వెనకబడ్డవి పారేస్తే చివరికి మిగిలేది ఇద్దరు ముగ్గురు తల్లుల నారే. అందుకే మడి కూడా తల్లివారీగా వేసి, ప్రతి మడి నుంచీ సమానంగా మొక్కలు తీసి, తోబుట్టువులు పక్కపక్కన పడకుండా నాటాలి.