ఆరోహణం వీడ్కోలు కాదు
యేసు పరలోకానికి వెళ్లిన రోజును గుర్తుచేసుకునే ఆరోహణ పండుగ అంటే ఆయన శిష్యులకు చెప్పిన వీడ్కోలు అని ఒక వ్యాసంలో చదివాను. నాకలా అనిపించదు. లూకా సువార్త చివర్లో శిష్యులు ఏడుస్తూ కాదు, మహా సంతోషంతో యెరూషలేముకు తిరిగి వెళ్లారని ఉంది. వీడ్కోలైతే అంత సంతోషం దేనికి? ఆ తర్వాత పది రోజులకే పెంతెకొస్తు, అంటే శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజు. అది అప్పటికే యూదుల వారాల పండుగ, గోధుమ కోతల కాలం. అందుకే ఎక్కడెక్కడివాళ్లో యెరూషలేములో ఉన్నారు, ఎవరి భాషలో వాళ్లకు శిష్యుల మాట వినిపించింది. ఆరోహణం, పెంతెకొస్తు రెండూ కలిపి చదవాలి. మా సికింద్రాబాద్ చర్చిలో గుడ్ ఫ్రైడేకి నిలబడ్డానికి చోటుండదు. ఆరోహణం ఈస్టర్‌తో కలిపి లెక్కిస్తే 40వ రోజు, అంటే గురువారం, ఆఫీసులుండే రోజు. సాయంత్రం ఆరాధనకు ముందు వరుసలు నిండితే గొప్పే. కొన్ని చర్చిల్లో దాన్ని ఆదివారానికి మార్చుకున్నారు. జనం వస్తారు, నిజమే, కానీ ఆ 40 లెక్క పోతుంది.