గంటకు 3 కిలోమీటర్ల మనిషి

దాళ్వాకు నీళ్లు ఎవరికి ముందు వదలాలో, కాలువలు ఎప్పుడు కట్టేయాలో తేల్చే సభల్లో మన గోదావరి డెల్టా పెద్దలు చూపే చాకచక్యం ధవళేశ్వరం దాటి బయటి ప్రపంచానికి చేరకపోవడం తీరని లోటు. ఆ నైపుణ్యానికి సరిగ్గా సరిపోయే కొలువు ఒకటుంది. మొబైల్ నెట్‌వర్కుల ప్రమాణాలను రాసే 3జీపీపీ అది.

1998 డిసెంబరులో పుట్టిన ఈ వేదికలో అమెరికా, ఐరోపా, చైనా, జపాన్, కొరియా, భారత్‌లకు చెందిన ఏడు ప్రమాణ సంస్థలు భాగస్వాములు. మన తరఫున భారత టెలికాం ప్రమాణాల సంస్థ టీఎస్‌డీఎస్‌ఐ కూర్చుంటుంది. అసలు పని వర్కింగ్ గ్రూపుల్లో జరుగుతుంది. కంపెనీల ఇంజనీర్లు ప్రతిపాదన పత్రాలు కట్టలుగా తెస్తారు, వాటిపై రోజుల తరబడి వాదించుకుంటారు. ఓటింగుకు నిబంధనల్లో చోటుంది, 71 శాతం రావాలి; కానీ అంతదాకా తెచ్చుకోవడం అక్కడ మర్యాద అనిపించుకోదు. ఎవరూ పట్టువిడవకుండా అడ్డుపడకపోతే ఏకాభిప్రాయం కుదిరినట్టే లెక్క. తల ఊపినవాడు ఒప్పుకున్నట్టు కాదని, అలిగి లేచిపోయినవాడు అడ్డుపడినట్టు కాదని పుట్టుకతోనే తెలిసిన మనవాళ్లకు ఇందులో నేర్చుకోవలసిందేమీ లేదు.

ఒక్క విద్య మాత్రం మనం వారి దగ్గర నేర్చుకోవాలి. ఏదైనా కొలత ఎంత ఉండాలో తేలనప్పుడు వారు ఆ అంకెను చదరపు బ్రాకెట్లలో బంధిస్తారు. [10] అని రాసి ఉంటే అది పది కాదు, అలాగని పది కాకుండానూ పోలేదు. తరువాతి సమావేశం దాకా దాన్ని ఎవరూ నమ్మరు, ఎవరూ కొట్టేయరు. వేయడానికి అంకె కూడా దొరకకపోతే ‘మరింత అధ్యయనం అవసరం’ అని రాసి భోజనానికి లేస్తారు. ‘ఏప్రిల్ [15]న కాలువలు కట్టివేయబడును’ అని మన అధికారులు ప్రకటిస్తే శివారు రైతుకు ఎంత ఆశ, ఎగువ రైతుకు ఎంత ధీమా!

వాటాలు తేల్చడంలోనూ వారిని తక్కువ అంచనా వేయలేం. 5జీలో సిగ్నల్ దారిలో దొర్లే దోషాలు సరిదిద్దే కోడ్‌గా ఎల్‌డీపీసీ కావాలా, పోలార్ కావాలా అన్న తగవు 2016 నవంబరులో అమెరికాలోని రెనో నగరంలో తీరింది: మన సమాచారం మోసే డేటా చానల్‌ ఎల్‌డీపీసీకి, నెట్‌వర్కు ఆదేశాలు మోసే కంట్రోల్ చానల్‌ పోలార్‌కు దక్కాయి. ఇద్దరూ గెలిచారు, ఇద్దరూ ఇంటికి ఫోన్ చేసుకున్నారు.

ఇక మన పల్లెల సంగతి. టవర్ల మధ్య దూరం 6 కిలోమీటర్లు ఉన్నా గ్రామాలకు సిగ్నల్ అందాలని భారత్ పట్టుబట్టి, ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ 5జీని పరీక్షించే నమూనాల్లో ఆ దూరాన్ని చేర్పించింది. దానికోసం మనవాళ్లు రూపొందించిన 5జీఐ అనే దేశీయ 5జీ ప్రమాణానికి 2021లో ఐటీయూ సిఫార్సులో వేరుగా చోటు దొరికింది, ఆపైన అది 3జీపీపీ ప్రమాణాల 17వ విడుదలలో కలిసిపోయింది. ఇది నిజంగా మెచ్చుకోదగ్గ పని. వ్యంగ్యానికి లొంగనందుకు కొంత చిరాకుగానూ ఉంది. అయితే ఆ నమూనాలో పల్లెవాసి గంటకు 3 కిలోమీటర్ల వేగంతో నడుస్తాడు, కారెక్కితే 30 కిలోమీటర్ల వేగంతో పోతాడు, లేదంటే ఇంట్లో ఉంటాడు. నాలుగో గతి అతనికి లేదు.

సఖినేటిపల్లి రేవులో పంటు మీద, ఆపేసిన మోటారుసైకిల్‌పై కాలు దించకుండా కూర్చుని, చంకలో అరటి గెలతో, ‘హలో, వినబడతందా’ అంటూ నరసాపురం వైపు గోదావరి దాటే మనిషిని ఏ కోవలో వేయాలి? అతను నడవడం లేదు, కారులో లేడు, ఇంట్లో అసలే లేడు. ఈ విషయాన్ని కొత్త అధ్యయనాంశంగా స్వీకరించాలని, సమావేశం నరసాపురంలోనే పెట్టాలని, భోజనాల ఖర్చు మా సంఘం భరిస్తుందని ఇందుమూలముగా ప్రతిపాదిస్తున్నాను. ఆలోగా అతని వేగాన్ని గంటకు [8] కిలోమీటర్లుగా రాసుకోవచ్చు. పంటు సరంగుకు అభ్యంతరముంటే వచ్చే సమావేశంలో చెబుతాడు.