పాలిండ్రోమ్ ప్రోగ్రాము గారికి పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ పాలిండ్రోమ్ ప్రోగ్రాము గారికి,
పదకొండో తరగతి ప్రాక్టికల్ రికార్డు, పైథాన్ పేజీలు.

మేము ఇక్కడ, ఒడిశాలో ఆంధ్రా సరిహద్దున, క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. సీబీఎస్‌ఈ కంప్యూటర్ సైన్స్ (083 కోడు) ప్రాక్టికల్ జాబితాలో పేరున్నవారికి లోటేముంటుంది? ఒక మాట ఎటునుంచి చదివినా ఒకటేనా అని తేల్చడం తమరి పని. ఏటేటా ప్రతి రికార్డులోనూ తమరిది అదే ఒక్క వరుస. చతురస్ర బ్రాకెట్లో రెండు కోలన్లు, వాటి వెనక మైనస్ ఒకటి. మాట తిరగబడుతుంది. మొదటిదాంతో సరిపోతే 'అవును', లేకపోతే 'కాదు'. పరీక్ష చేసే మాస్టారు ఇంగ్లీషులో 'మేడమ్' అని కొడతారు, తమరు అవునంటారు, ఆయన సంతకం పెట్టేసి టీకి వెళ్లిపోతారు.

చిక్కల్లా తెలుగు కీబోర్డు తెలిసిన పిల్ల ఎవరైనా 'వికటకవి' కొట్టినప్పుడే. తమరు నిర్మొహమాటంగా 'కాదు' అంటారు. తెనాలి రామకృష్ణుడి బిరుదండీ అది! ఎటునుంచి చదివినా ఒకటేనని అక్షరాలు దిద్దే పిల్లలకి కూడా తెలుసు.

తమరి లెక్క తమరిది, ఒప్పుకుంటాం. కంటికి కనిపించేవి అయిదు అక్షరాలు, పొడవు లెక్కపెట్టే తమరి 'లెన్' మాత్రం 7 అంటుంది: వ, గుడి, క, ట, క, వ, గుడి. యూనికోడ్ అనే అన్ని లిపుల అక్షరాల పట్టికలో గుడికి వేరే కోడు ఉంది, అది హల్లు తర్వాత వస్తుంది. తిరగేస్తే చివరి గుడి ముందుకొచ్చి, ఆనుకునే హల్లు దొరక్క చుక్కల సున్నా నెత్తినెక్కుతుంది. మొదటి గుడి 'వ'ని వదిలి 'క' మీద వాలుతుంది. ఆ చుక్కల సున్నా వెనక తెర మీద 'వకటకివ' అని మిగులుతుంది. నటన, కనక, జలజ అంటే తమరికి అభ్యంతరం లేదు, గుణింతం గుర్తులు లేవు గనక. పులుపు అంటే మొహం చిట్లిస్తారు. కునుకు అయితే బొత్తిగా పడదు.

ఇది తెలుగు చేసుకున్న పాపమని క్లాసులో ఒకరిద్దరు తేలుస్తుంటారు. ఒడియా మాత్రలూ (అక్కడి గుణింతం గుర్తులు) అచ్చం ఇలాగే హల్లు పక్కన విడిగా కూర్చుంటాయి. 'నయన' అని ఒడియాలో కొట్టి చూపించి గెలిచామనుకుంటే ఎలా? అందులో మాత్రే లేదు కదా!

మందు తమరి ఇంట్లోనే ఉంది. 'యూనికోడ్‌డేటా' అనే మాడ్యూలు పైథాన్‌తో పాటే వస్తుంది, ల్యాబులో నెట్ లేకపోయినా పని చేస్తుంది. మాటలోని కోడులను ఒక్కొక్కటిగా తీసి దాని కేటగిరీ అడగాలి. జవాబు 'ఎమ్'తో మొదలైతే, అంటే అది గుణింతం లాంటి గుర్తయితే, ముందున్న ముక్కకి అతికించాలి, లేకపోతే కొత్త ముక్క మొదలు. ముందు ముక్క పొల్లుతో ముగిస్తే వచ్చే హల్లునీ దానికే అతికించాలి. లేదంటే 'మ్మ' రెండు ముక్కలవుతుంది. ఆ ముక్కల జాబితాని తిరగేసి పోల్చాలి, మాటని కాదు. మొత్తం పది వరుసలు దాటదు. ఎక్కువమంది బోల్తా పడేది కేటగిరీ దగ్గరే. ఆ గుర్తుల్లో 'ఎమ్‌ఎన్' రకం ఒక్కటే చూసి ఊరుకుంటే వికటకవి పాసవుతుంది, పులుపు మళ్లీ ఫెయిల్. గుడి 'ఎమ్‌ఎన్'లో ఉంటే కొమ్ము, సున్న 'ఎమ్‌సీ'లో ఉన్నాయి. ఎందుకలా పంచారని మమ్మల్ని అడక్కండి.

ఇంకో రెండు ముక్కలు. విండోస్ నల్లతెర మీద తెలుగు డబ్బాలుగా కనిపిస్తే తప్పు తమరిది కాదు, అక్కడి ఫాంటుది. ఫైలు తెరిచేటప్పుడు 'యూటీఎఫ్-8' (యూనికోడ్ కోడులను బైట్లుగా దాచే పద్ధతి) అని రాయకపోతే విండోస్ పాత కోడ్‌పేజీతో చదివి పిచ్చిగీతలు చూపిస్తుంది, లేదా ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. డీటీపీ షాపులో పాత ఫాంటుతో కొట్టించిన తెలుగు తెచ్చి పెడితే మాత్రం ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చక తప్పదు. చూడ్డానికే అది తెలుగు, లోపలున్నవి ఇంగ్లీషు కోడులు.

పిల్లలు మాట్లాడే భాషలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి గారు పట్టుబట్టింది ఈ ఊళ్లో పాఠాలు చెప్పిన అనుభవంతోనే. ఇప్పుడు పుస్తకం ఇంగ్లీషు, వివరణ ఒడియా, పక్కబెంచీతో గుసగుసలు తెలుగు. తమరు ఆ మూడింటిలో ఒక్కదాన్నే ఎరుగుదురు. వచ్చే రికార్డులో 'మేడమ్' కింద వికటకవి, పులుపు, 'కాదు' రావలసిన అమ్మ కూడా పరీక్షకి పెట్టించండి. 'వికటకవికి కాదని ఎందుకొచ్చింది?' అన్నది వైవా ప్రశ్న కావాలి. మాస్టారి టీ చల్లారితే చల్లారనివ్వండి.

ఇట్లు,
సరిహద్దు బడుల్లో కంప్యూటర్ చెప్పేవాళ్లు

తా.క. సవర అనే గిరిజన భాష కోసం మంగేయి గొమాంగో 1936లో రూపొందించిన సొరాంగ్ సోంపెంగ్ లిపి కూడా 2012 నుంచి యూనికోడ్‌లో ఉంది. యూటీఎఫ్-8లో దాని అక్షరానికి 4 బైట్లు, తెలుగుకి 3. అందులో అచ్చు గుర్తులు హల్లుకి అతుక్కోవు, విడి అక్షరాలుగానే నిలబడతాయి. తమరి పాత ఒక్క వరుస అక్కడ తప్పు లేకుండా నడుస్తుంది. బదిలీ కావాలంటే అక్కడికే పెట్టుకోండి.