సవరణ: వానాకాలం నడకలు, కలుపు పీకడం

పార్కుల్లో వానాకాలపు ప్రకృతి నడకల గురించిన గత పోస్టులో "నడక అయ్యాక వాలంటీర్లు కనిపించిన వయ్యారిభామ మొక్కనల్లా పీకేయాలి" అని ఉంది. దాన్ని ఇలా చదువుకోండి: పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, వేరుతో సహా పీకాలి. ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది. గింజ పట్టిన మొక్కను పీకి ఈడ్చుకెళ్తే దారి పొడవునా మనమే విత్తినట్టవుతుంది. చేతికి గ్లవ్స్, ముక్కుకు మాస్క్ తప్పనిసరి. ఈ మొక్క తగిలితే కొందరికి చర్మం దద్దుర్లెక్కుతుంది, పుప్పొడికి ఉబ్బసం రేగుతుంది. అలర్జీ ఉన్నవాళ్లు ఈ పనికి అసలు రావద్దు, చెత్త ఏరడం లాంటివి చాలా ఉన్నాయి.

"పిల్లలు ఆరుద్ర పురుగుల్ని డబ్బాలో పట్టి చూడొచ్చు" అన్న వాక్యం పూర్తిగా తీసేశాను. ఎనిమిది కాళ్లుండే ఈ ఎర్ర మఖమలు జీవులు ఏడాదిలో ఎక్కువ కాలం మట్టిలోనే ఉంటాయి. తొలి వానలకు పైకొచ్చే ఆ కొద్ది రోజుల్లోనే జతకట్టాలి. వంగి కూర్చుని చూడనివ్వండి, చాలు. పిల్లలకు అంతకన్నా మంచి పాఠం నాకు తెలియదు.

మిగతా సూచనల్లో మార్పు లేదు.